బండికి ముందు మజిలీ

పిల్లలూ! మీ తాతగారినో, అమ్మమ్మగారినో ఒక మాట అడగండి: "చిన్నప్పుడు మీరు అ ఆలు దిద్దిన పలక ఏ ఊరిది?" అని. చాలామంది, "ఇంకెక్కడిది? మార్కాపురం పలక!" అంటారు. భూమిలో పొరలు పొరలుగా ఉండే రాతిని తవ్వి తీసి, పలచగా చీల్చి, నున్నగా చేసి, చుట్టూ కొయ్య చట్రం బిగించి, మార్కాపురం వాళ్ళు ఎన్నో ఊళ్ళకు పలకలు పంపేవారు. అవి ఎంతో దూరం ప్రయాణం చేసి పిల్లల చేతికి వచ్చేవి. ఇవాళ మనం పలకల సంగతి కాక ప్రయాణాల సంగతి చెప్పుకుందాం.

మార్కాపురం ఒంగోలుకు పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అక్కడి నుంచి నైరుతి దిక్కుగా పోతే కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు వరసగా వస్తాయి. గిద్దలూరు దాటితే నల్లమల అడవి; అడవి దాటితే నంద్యాల. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు పూర్వం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు వీటిని అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అప్పటి నుంచి ఈ వైపు ఊళ్ళను పశ్చిమ ప్రకాశం అనడం వాడుక అయింది.

ఈ నేలలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఊరికీ ఊరికీ మధ్య దూరం కూడా ఎక్కువే. ఇటువంటి చోట ప్రయాణానికి బయలుదేరేవాడు, "నా బండి ఎంత మంచిది?" అని ఒక్కటే ఆలోచిస్తే చాలదు. "దారిలో ఆగే చోటు ఎక్కడ ఉన్నది?" అని కూడా ఆలోచించాలి.

ఎద్దుబళ్ళ కాలంలో ఆ చోటు చెరువుగట్టు. ఎడ్లకు నీళ్ళు, గడ్డి, కాస్త నీడ దొరకాలి. మనుషులకు ఒక సత్రం ఉండాలి. పొద్దున బయలుదేరిన ఎడ్లు సాయంత్రానికి ఎంత దూరం నడవగలవో అంత దూరంలో మజిలీ ఉంటేనే ఆ దారిన బళ్ళు నడిచేవి. మజిలీ లేని దారిలో ఎంత బలమైన ఎడ్లున్నా ఉపయోగం లేదు.

తరవాత రైలు వచ్చింది. గుంటూరు వైపు నుంచి మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల పోయే రైలుమార్గం పందొమ్మిదో శతాబ్దం చివర వేశారు. అప్పటివి ఆవిరి ఇంజన్లు. ఆవిరి ఇంజను బొగ్గు తింటుంది, నీళ్ళు తాగుతుంది. నీళ్ళు అయిపోతే ఎంత పెద్ద ఇంజనైనా కదలదు. అందుచేత రైలుమార్గం వేసినవాళ్ళు పట్టాలు వేసి ఊరుకోలేదు. దారి పొడుగునా తగినంత దూరంలో ఇంజన్లకు నీళ్ళు పట్టే ఏర్పాటు కూడా చేయవలసి వచ్చింది. అంటే, ఇనప గుర్రానికి కూడా చెరువుగట్టు కావలసి వచ్చిందన్నమాట!

మరి మోటారు కారు మాట? ఇప్పుడు పెట్రోలు బంకు లేని పట్నం లేదు గనుక, కారుతో పాటే బంకు కూడా పుట్టిందని మీరు అనుకోవచ్చు. కాని సంగతి అలా జరగలేదు. 1888లో జర్మనీ దేశంలో బెర్తా బెంజ్ అనే ఆమె, తన భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న తన పుట్టింటికి బయలుదేరింది. దూరం వంద కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం మోటారు బండిలో అంతకు ముందు ఎవరూ పోలేదు. దారిలో ఇంధనం తగ్గిపోయింది. అప్పట్లో బంకులు ఎక్కడివి? వీస్‌లాఖ్ అనే ఊళ్ళో మందుల షాపుకు వెళ్ళి, బట్టల మీద మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రాయిన్ అనే ద్రవాన్ని కొని బండిలో పోసింది! అందుకే ఆ మందుల షాపును ప్రపంచంలో మొట్టమొదటి పెట్రోలు బంకు అని చెప్పుకుంటారు.

ఇక కరెంటుతో నడిచే బండి ఈ మధ్య కొత్తగా పుట్టిందని మీరు అనుకుంటే, అది కూడా పొరపాటే. దాని వయసు నూరేళ్ళకు పైమాటే! 1899లో కామీ జెనాత్జీ అనే బెల్జియం దేశస్థుడు మొట్టమొదటిసారిగా గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటి కారు నడిపాడు. అది కరెంటు కారు. 1900లో అమెరికాలో తయారైన కార్లలో మూడోవంతుకు పైగా కరెంటువే. వాటికి పొగ లేదు, చప్పుడు లేదు, ఇనప కమ్మీ పెట్టి తిప్పి తిప్పి స్టార్టు చేసే అవస్థ లేదు.

మరి అంత మంచి బండి ఎందుకు మాయమయింది? కారణాలు చాలా ఉన్నాయి. అప్పటి బాటరీలు మహా బరువు. ఒక్కసారి నింపితే ఎక్కువ దూరం పోయేవి కావు. 1908 నుంచి హెన్రీ ఫోర్డు పెట్రోలు కార్లను చవకగా తయారుచేయసాగాడు. వీటన్నిటితో పాటు మరొక పెద్ద కారణం ఉన్నది. ఆ రోజుల్లో కరెంటు పట్నాలలోనే ఉండేది. పల్లెల్లో లేదు. పెట్రోలును డబ్బాలలో పోసి, బండి మీద వేసి, ఎంత మారుమూల ఊరికైనా పంపవచ్చు. కరెంటును డబ్బాలో పోసి పంపలేము గదా! పట్నం వీధుల్లో హాయిగా తిరిగిన కరెంటు కారు, పట్నం పొలిమేర దాటేసరికి ఆగిపోయింది. అంటే ఆ పందెంలో కరెంటు కారు ఓడిపోయింది పట్నంలో కాదు, పల్లె దారిలో!

ఈ సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే ఆ పందెం ఇప్పుడు మళ్ళీ మొదలయింది.

ఈసారి కరెంటు బండి బలంగా వచ్చింది. లిథియం బాటరీలు తేలికయినవి. 2024లో ప్రపంచంలో ఒక కోటి 70 లక్షలకు పైగా కరెంటు కార్లు అమ్ముడయ్యాయి. నార్వే దేశంలో ఆ సంవత్సరం అమ్ముడయిన ప్రతి పది కొత్త కార్లలో దాదాపు తొమ్మిది కరెంటువే. బళ్ళతో పాటు మజిలీలు కూడా పెరుగుతున్నాయి. 2024 చివరికి ప్రపంచం మొత్తం మీద, ఎవరైనా వచ్చి బండికి కరెంటు పట్టుకోగల ఛార్జింగ్ పాయింట్లు 50 లక్షలు దాటాయి. అందులో 13 లక్షలకు పైగా ఆ ఒక్క సంవత్సరంలో పెట్టినవే.

మన దేశంలో కూడా పెరుగుదల చిన్నది కాదు. ఛార్జింగ్ కేంద్రం పెట్టడానికి కరెంటు అమ్మకానికి కావలసిన లైసెన్సు అక్కర్లేదని 2018లో కేంద్ర ప్రభుత్వం తేల్చి చెప్పింది. 2024 ఫిబ్రవరిలో మన దేశంలో సుమారు 12 వేల ఛార్జింగ్ కేంద్రాలు ఉంటే, ఆ సంవత్సరం చివరికి అవి 25 వేలు అయినాయి. అదే ఏడు అక్టోబరులో మొదలైన పి.ఎం. ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ కేంద్రాలకని 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు.

ఈ అంకెలు వినడానికి బాగానే ఉన్నాయి. కాని పిల్లలూ, అంకెలు చూసినప్పుడు "ఎన్ని?" అని అడిగి ఊరుకోకూడదు, "ఎక్కడ?" అని కూడా అడగాలి. ప్రపంచంలోని ఛార్జింగ్ పాయింట్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఒక్క చైనాలోనే ఉన్నాయి. ఒక దేశంలో చూసినా అంతే. పెద్ద నగరాల్లో, పెద్ద రోడ్ల మీద ఇవి ముందు వస్తాయి. బళ్ళు లేనిచోట ఛార్జింగ్ కేంద్రం పెడితే ఖర్చు రాదని పెట్టేవాళ్ళు వెనకాడతారు. ఛార్జింగ్ కేంద్రం లేని ఊళ్ళో కరెంటు బండి కొనడానికి జనం వెనకాడతారు. "పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు" అనే సామెత మీరు వినే ఉంటారు. ఇదీ అటువంటిదే.

ఛార్జింగ్ ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ చిక్కు మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. అందుకు కంభం చెరువు దగ్గరికి పోదాం. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి వస్తుంటే, కొండల నడుమ ఉన్న సందుకు అడ్డంగా కట్ట వేసి ఈ చెరువు చేశారు. ఇది విజయనగర రాజుల కాలం నాటిదనీ, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందనీ చెప్పుకుంటారు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడమనే గౌరవం దక్కింది. చెరువు చేసే పని ఏమిటి? వాన కురిసినప్పుడు నీటిని దాచిపెట్టి, వాన లేనప్పుడు తూము ద్వారా పొలాలకు ఇస్తుంది. బాటరీ చేసే పని కూడా అదే. కరెంటు దొరికినప్పుడు దాచుకుని, బండి నడిచేటప్పుడు మోటారుకు ఇస్తుంది.

చెరువులో ఎంత నీరు పడుతుందో లెక్క ఉన్నట్టే, బాటరీలో ఎన్ని యూనిట్ల కరెంటు పడుతుందో లెక్క ఉన్నది. మీ ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే ఇవి. స్కూటరు బాటరీలో సుమారు 3 యూనిట్లు పడతాయనుకోండి. చిన్న కారు బాటరీలో 30 యూనిట్లు పడతాయనుకోండి. ఇంట్లో లావుపాటి ప్లగ్గు నుంచి గంటకు 3 యూనిట్లు వస్తాయి. కనుక కారు నిండడానికి పది గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి సిద్ధం! సన్నని గొట్టంతో గోలెం నింపినట్టు ఇది నెమ్మది పద్ధతి. దారి మధ్యలో అలా పది గంటలు కూర్చోలేము గదా! అక్కడ పెద్ద తూము ఎత్తినట్టు వేగంగా నింపే యంత్రం కావాలి. అటువంటి 60 కిలోవాట్ల యంత్రం గంటకు 60 యూనిట్లు ఇవ్వగలదు. ఆ లెక్కన కారు అరగంటలో నిండాలి. అయితే బాటరీ నిండవచ్చేసరికి వేడెక్కి పాడవకుండా వేగం తగ్గిస్తారు గనుక ఇంకాస్త ఎక్కువ సేపు పడుతుంది.

ఇప్పుడు మరొక లెక్క. పశ్చిమ ప్రకాశంలో చాలా పొలాలు బోరుబావుల మీద ఆధారపడి ఉన్నాయి. ఒక 5 హార్స్‌పవర్ మోటారు శక్తి సుమారు 3.7 కిలోవాట్లు. మరి ఒక 60 కిలోవాట్ల ఛార్జింగ్ యంత్రం ఎన్ని మోటార్లతో సమానం? 60ని 3.7తో భాగించండి. పదహారు! అంటే రోడ్డు పక్కన ఒక పెట్టె పెట్టి తీగ తగిలించినంత మాత్రాన పని అయిపోదు. ఒకేసారి పదహారు బోరు మోటార్లు వేసినంత బరువు మోయగల ట్రాన్స్‌ఫార్మరు కావాలి. దాని వెనక గట్టి లైను, దానికి తగిన సబ్‌స్టేషను ఉండాలి. రైతు పొలానికి నీళ్ళు పెట్టే వేళ కరెంటు తగ్గకుండా చూడాలి. పల్లె దారిలో ఛార్జింగ్ కేంద్రం పెట్టడం పట్నంలో కంటే ఎందుకు కష్టమో ఇప్పుడు తెలిసిందా?

ఇంకొక చిక్కు ప్లగ్గుల ఆకారం. మన దేశంలోను, యూరప్‌లోను కార్లను వేగంగా ఛార్జి చేయడానికి ఎక్కువగా సి.సి.ఎస్.-2 అనే రకం వాడతారు. చైనాలో మరొక రకం, జపానులో ఇంకొక రకం. ఈ తాళంచెవి ఆ తాళానికి పట్టదు. ఇటువంటి బాధ గిద్దలూరు రైలుమార్గానికి బాగా తెలుసు. అక్కడ మొదట వేసింది మీటరు గేజి. బ్రాడ్ గేజి మీద వచ్చిన సామాను మీటరు గేజి దగ్గర దింపి, వేరే పెట్టెల్లోకి ఎక్కించవలసి వచ్చేది. 1990లలో ఈ మార్గాన్ని బ్రాడ్ గేజిగా మార్చాక ఆ బాధ తీరింది. ఛార్జింగ్ విషయంలో కూడా అందరూ ఒకే కొలతకు రావడం ఎంత త్వరగా జరిగితే అంత మంచిది.

సరే, ఇప్పుడు గిద్దలూరు నుంచి నంద్యాలకు కరెంటు కారులో పోదాం. దూరం సుమారు 60 కిలోమీటర్లు. దిగువమెట్ట దాటాక దారి నల్లమలలోకి పోతుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు మోటారు కష్టపడుతుంది. బాటరీ త్వరగా తరుగుతుంది. ఇది చూసి భయపడకండి. దిగేటప్పుడు ఒక వింత జరుగుతుంది. సైకిలు చక్రం తిరిగితే డైనమో దీపం వెలిగినట్టు, కారు చక్రాలు మోటారును తిప్పి, దానినే డైనమోగా మారుస్తాయి. అలా పుట్టిన కరెంటు తిరిగి బాటరీలోకి పోతుంది. ఎక్కేటప్పుడు ఖర్చయినదంతా రాదు, కొంత వస్తుంది. పైగా బ్రేకులు కూడా తక్కువ అరుగుతాయి. తిరుమల కొండకు కరెంటు బస్సులు నడపడంలో ఒక సుగుణం ఇదే. 2022 సెప్టెంబరులో ఆర్.టి.సి. వారు తిరుపతి నుంచి తిరుమలకు ఆ బస్సులు మొదలుపెట్టారు. వాటిని తయారుచేసింది హైదరాబాదులోని ఒలెక్ట్రా సంస్థ. వాటికి ఛార్జింగ్ చేసే చోటు కొండ కింద అలిపిరి డిపోలో ఉన్నది. సాయంత్రానికి తన కొట్టానికి వచ్చే ఎద్దులాగా బస్సు తన డిపోకు వస్తుంది గనుక అక్కడ పని సులువయింది.

కాని దూరప్రయాణం చేసే బండి సంగతి వేరు. దానికి తన కొట్టం దగ్గరలో ఉండదు. యూరప్ దేశాలలో ముఖ్యమైన రహదారుల మీద 60 కిలోమీటర్లకు ఒకటి చొప్పున వేగంగా ఛార్జి చేసే కేంద్రం ఉండాలని చట్టం చేశారు. అది 2024లో అమలులోకి వచ్చింది. 60 కిలోమీటర్లంటే మన గిద్దలూరు–నంద్యాల దూరమే! మన దేశంలో 2019లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలలో, రహదారికి ఇరువైపులా 25 కిలోమీటర్లకు ఒకటి ఉండాలన్నారు. కాగితం మీద ఉన్న మజిలీ ఎడ్ల దాహం తీర్చదు గనుక, ఆ మాట మారుమూల రోడ్ల మీద కూడా నిజమయే దాకా ఆగకూడదు. పెట్టిన యంత్రం పాడయితే వెంటనే బాగుచేసే మనిషి కూడా దగ్గరలో ఉండాలి. పనిచేయని ఛార్జింగ్ కేంద్రం ఎండిన చెరువు వంటిది. దానిని నమ్ముకుని వచ్చినవాడికి అది అసలు లేకపోవడం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

అడవిలో మరొక జాగ్రత్త కావాలి. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే దారి పులుల అభయారణ్యంలో ఉన్నది. జంతువులకు ఇబ్బంది కలగకూడదని ఆ దారిలో రాత్రివేళ బళ్ళను వదలరు. అటువంటి చోట మజిలీ అడవి నడుమ కాక, అడవికి ఇవతల దోర్నాల వంటి ఊళ్ళో ఉండడం మంచిది. మనకు కరెంటు, పులికి ప్రశాంతత, రెండూ దక్కుతాయి.

"కరెంటు బండికి పొగ లేదు సరే, ఆ కరెంటు ఎక్కడినుంచి వస్తుంది?" అని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. మంచి ప్రశ్న. మన దేశంలో నేటికీ ఎక్కువ భాగం కరెంటు బొగ్గు నుంచే వస్తున్నది. అంటే పొగ మన వీధిలో తగ్గినా, విద్యుత్ కేంద్రం దగ్గర కొంత మిగిలే ఉంటుంది. కాని ఈ నేలకు దేవుడిచ్చిన ఆస్తి ఒకటి ఉన్నది: ఎండ! నల్లమలకు అవతల, కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2017లో సిద్ధమయింది. ఎండ కాసే పగటి వేళల్లో బళ్ళకు ఛార్జింగ్ పెడితే, ఆ ఎండలోనే పుట్టిన కరెంటు నేరుగా ఉపయోగపడుతుంది. నీళ్ళు లేవని బాధపడిన నేలకు ఎండే పంట అయినట్టు!

ఇదంతా మనకెందుకని అనుకోకండి. గిద్దలూరులో ఒకరికి జబ్బు చేసి ఒంగోలు పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలనుకోండి. దూరం సుమారు 150 కిలోమీటర్లు. వచ్చేటప్పుడు మరో 150. వాళ్ళ కరెంటు కారు ఒక ఛార్జికి 200 కిలోమీటర్లు పోతుందనుకోండి. మధ్యలో పొదిలి వంటి ఊళ్ళోనో, ఒంగోలులోనో నమ్మకమైన ఛార్జింగ్ కేంద్రం ఉంటే ఆ కారు రోగిని తీసుకుపోయి ఇంటికి తిరిగి తెస్తుంది. లేకపోతే ఆ కారు ఊళ్ళో తిరగడానికి తప్ప ఆపదకు పనికిరాదు. అటువంటప్పుడు ఎవరు దానిని కొంటారు? నగరంలో ఉన్నవాడు పొగలేని, చవక అయిన ప్రయాణం చేస్తుంటే, పల్లెలో ఉన్నవాడు పాత బండికీ, పెరిగే పెట్రోలు ధరకూ కట్టుబడి ఉండిపోతాడు. నూరేళ్ళ కిందట కరెంటు కారు ఎక్కడ ఓడిందో చెప్పుకున్నాం గదా? ఈసారి అది నిజంగా గెలిచిందా లేదా అన్నది కూడా గిద్దలూరు, మార్కాపురం వంటి చోట్లనే తేలుతుంది.

అప్పటికీ ఇప్పటికీ ఒక మంచి తేడా ఉన్నది. అప్పుడు పల్లెలో కరెంటు స్తంభమే లేదు. ఇప్పుడు ఉన్నది. కొత్త రోడ్డు, కొత్త ఊరు కట్టనక్కర్లేదు. ఉన్న స్తంభాన్ని బలపరచి, బస్టాండు దగ్గరా, ఆసుపత్రి దగ్గరా, సంత దగ్గరా తగిన చోటు చూసి మజిలీ కట్టుకోవాలి. ఆ యంత్రాలను బాగుచేసే పని నేర్చుకుంటే మీలో కొందరికి సొంత ఊళ్ళోనే బతుకుతెరువు దొరుకుతుంది.

ఇక మీకొక పని. ఈసారి మీ అమ్మానాన్నలతో కలిసి ఊరు వెళ్ళేటప్పుడు ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. దారిలో ఛార్జింగ్ కేంద్రం కనబడితే, అది ఏ ఊళ్ళో ఉన్నదో, అంతకు ముందు చూసినదానికి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నదో రాయండి. అన్నిటికన్నా పెద్ద దూరం ఎక్కడ వచ్చిందో దాని కింద గీత గీయండి. ఇంటికి వచ్చాక ఆ కాగితాన్ని బడిలో మీ మాస్టారుకు చూపించి, ఆ గీత గీసిన చోట మజిలీ ఎక్కడ పెడితే బాగుంటుందో అందరూ కలిసి ఆలోచించండి.